చెప్పులో చెయ్యి

రండర్రా, ఇలా వరండా మీదకి జరగండి. అంత దూరంలో కూచుంటే నా గొంతు మీదాకా రాదు, గట్టిగా మాట్లాడితే దగ్గొస్తాది. ధనరాజూ, ఆ సెల్లు మూసి జేబులో పెట్టరా, అదెక్కడికీ పోదు. దేవీ, నువ్వా గోడవారన కాదు, ఇటు నా పక్కకి రా. ఏటి, మూతి అలా పెట్టుకున్నావు? తెలుసులే, మీ అమ్మ చెప్పింది. బొమ్మలేసి, రంగులద్ది, అంత కష్టపడి నోట్సు రాసి పట్టుకెళ్తే మీ టీచరు లోపల తెరవకుండానే టిక్కు పెట్టీసిందంట. అందుకని ఇక రాయనని భీష్మించుకున్నావంట. "ఎవులూ సూడనప్పుడు ఎందుకు రాయాల?" అన్నావంట. మీ అమ్మకి కోపమొచ్చింది గానీ, నాకు మాత్రం ఆ మాట వినగానే మనిషొకడు గుర్తొచ్చాడు. విక్టర్ అని. మీరు పుట్టకముందే పోయాడు. అదిగో, నా ఇంటి పక్కన ఆ తాళమేసిన వాటా ఉంది చూశారా, అందులో ఉండేవాడు. ఇప్పుడందులో గబ్బిలాలున్నాయంటారు. ఉంటే ఉన్నాయి, పొద్దోతే నాకూ కాస్త చప్పుడు కావాలి గదేటి.

విక్టర్ చెప్పులు కుట్టేవాడు. ఎవరికనుకుంటున్నారు? మన మిషన్ ఆసుపత్రిలో రోగులకి. ఇప్పుడంటే జ్వరానికీ కాన్పులకీ వస్తున్నారు గానీ, అప్పట్లో అది పెద్దజబ్బు ఆసుపత్రి. కుష్ఠు అనేవారు కాదు ఇటు, పెద్దజబ్బు అనేవారు. నేను కాంపౌండు బళ్లో పాఠాలు చెప్పేవాణ్ని, రోగుల పిల్లలకి. ఆ జబ్బు ఎలాంటిదంటే, మందులేసుకుంటే జబ్బు పోతాది, కానీ కొందరికి కాళ్లకీ చేతులకీ పోయిన స్పర్శ మళ్లీ రాదు. అరికాల్లో ముల్లు దిగినా తెలీదు. నిప్పు మీద అడుగేసినా తెలీదు. "నొప్పి లేకపోతే మంచిదే కదా తాతా" అంటావేటిరా ధనరాజూ? నొప్పి మంచి చుట్టంరా. అది చెప్పకపోతే నీ కాలు పుండై, కుళ్లి, పోయేదాకా నీకే తెలీదు. అందుకే వాళ్లకి మామూలు చెప్పులు పనికిరావు. అడుగున మెత్తటి రబ్బరు ఉండాలి, పట్టీలు ఒరుసుకోకూడదు, ఎక్కడ ఎత్తు ఉండాలో అక్కడే ఉండాలి. ఒకరి కాలు లాగ ఇంకొకరి కాలు ఉండదు. ఒకరికి వేళ్లుండవు, ఒకరికి మడమ వంగుంటాది. విక్టరు తల్లి కూడా అలాగే ఆ ఆసుపత్రికి వచ్చిన మనిషే, ఆవిడ కాలు చూస్తూ పెరిగాడు వాడు. అందుకని కాలు చేతికిస్తే చాలు, ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

అప్పుడు పెద్ద డాక్టరు రూబీగారు. సన్నగా, పొడుగ్గా, కంఠం మాత్రం కంచు. ఆవిడ విక్టరుకి ఒకటే చెప్పింది. "ఎలా కుట్టాలో నీ ఇష్టం విక్టర్. ఎలా కుట్టావో మాత్రం నాకు చూపించాలి." అంతే. రబ్బరు ఎలా కొయ్యాలి, పట్టీ ఎక్కడ పెట్టాలి, ఏ రోగికి ముందు, ఏ రోగికి తర్వాత, అన్నీ వాడిష్టమే. ఓసారి ఎక్కడో మీటింగుకెళ్లి, కొలతలేసిన చెక్క అచ్చులు తెచ్చింది ఆవిడ, చిన్నవి, పెద్దవి, మధ్యరకం. విక్టరు వాటిని చూసి, "అమ్మా, కాలికి సెప్పా, సెప్పుకి కాలా?" అన్నాడు. ఆవిడ ముందు మొహం చిట్లించుకుంది, తర్వాత పకపకా నవ్వి అచ్చులు బీరువా కిందకి తోయించీసింది. అలాగని ఊరుకునే మనిషి కాదు. రోజూ సాయంత్రం, ఓపీ అయిపోయాక, తిన్నగా చెప్పుల షెడ్డుకి వచ్చేది. స్టూలు లాక్కుని కూచుని, ఆరోజు కుట్టిన ప్రతి చెప్పులోనూ చెయ్యి పెట్టేది. కళ్లు మూసుకుని, వేళ్లతో లోపలంతా తడిమేది. ఎక్కడైనా కుట్టు ముడి తగిలిందా, "ఇదేంటయ్యా, ఇక్కడ కందిగింజ ఉంది!" అనేది. "ఎక్కడమ్మా, నా సేతికి తగల్నేదు." "నీ చేతికి తగలదు, కుట్టింది నువ్వు గనక. విప్పు." విప్పించేది. విక్టరు గొణుక్కుంటూ విప్పేవాడు. మళ్లీ కుట్టేవాడు. మర్నాడు ఇంకా జాగ్రత్తగా కుట్టి, సాయంత్రం దాకా గుమ్మం వైపే చూసేవాడు. వాడి భార్య జ్ఞానసుందరి ఎగతాళి చేసేది, "నా వంట బాగుందో లేదో ఒకనాడు సెప్నేదు గానీ, ఆ డాక్టరమ్మ 'బాగుంది' అంటే మాత్రం రెండు ముద్దలెక్కువ తింతాడు మేస్టరూ" అని. నిజమే. నేను కళ్లారా చూశాను.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటుండేది, అది మరిచిపోయాను చెప్పడం. మేకు ఉండకూడదు. చెప్పులో మేకు సంగతి సరే, అది ఎలాగూ కూడదు. ఆ షెడ్డు గోడకి కూడా మేకు ఉండకూడదని డాక్టరమ్మ ఆర్డరు. కేలండరు పురికొసతో కిటికీ ఊచకి కట్టుకున్నారు. స్టూలు కాలు ఊడితే తాడుతో బిగించారు. బయట చెప్పులు కుట్టేవాళ్లందరికీ మేకే ఆధారం, రెండు దెబ్బలేస్తే పనైపోతాది. ఇక్కడ మాత్రం కుట్టు, జిగురు, అంతే. బజారు నుంచి ఎవరైనా చెప్పులేసుకుని లోపలికొస్తే, "బైట ఇప్పండి, అడుగున మేకులుంతాయి" అనేవాడు విక్టరు, గుళ్లోకొచ్చినట్టు.

సరే, ఎవరైనా ఎన్నాళ్లుంటారు? జ్ఞానసుందరి కామెర్లొచ్చి పోయింది. ఆ మరుసటేడు రూబీగారికి వయసైపోయి, మోకాళ్లు పట్టీసి, కళింగపట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. అలా విక్టరుకి ఇంట్లోనూ, పన్లోనూ మాట వినిపించకుండా అయిపోయింది. ఆవిడ తర్వాత ఆసుపత్రి చూసుకోడానికి థామస్‌గారని వచ్చాడు. చెడ్డవాడనుకునేరు, కాదర్రా. బంగారంలాంటి మనిషి, చీమకి కూడా దారిచ్చి నడిచేవాడు. పెద్ద చదువు చదివాడు, ఆసుపత్రులు ఎలా నడపాలో అదే చదువంట. వచ్చిన మూడో రోజో నాలుగో రోజో షెడ్డుకొచ్చి, బైటే చెప్పులిప్పి, చేతులు కట్టుకుని నిలబడి, "విక్టర్‌గారూ, మీ అనుభవం ముందు మేమెంత? మీ పని మీకు తెలుసు. నేను వచ్చి తనిఖీలు చెయ్యడం మిమ్మల్ని అవమానించడం లాంటిది. ఇకనుంచి ఈ షెడ్డుకి మీరే రాజు" అన్నాడు. జన్మలో విక్టరుని 'గారూ' అన్నవాళ్లు లేరు. వాడికి కళ్లంట నీళ్లొచ్చాయి. పైగా ఆయన ఒక పేరు బోర్డు కూడా చేయించి పంపాడు. 'విక్టర్, ఇన్‌చార్జ్' అని నీలం రంగు మీద తెల్లక్షరాలు. ఆసుపత్రి వడ్రంగి వచ్చి, గుమ్మం పక్కన గోడకి టకటకా మేకులు కొట్టి, బోర్డు తగిలించి, మిగిలిన మేకులు కిటికీలో పడేసి పోయాడు. విక్టరు అడ్డుచెప్పబోయాడంట. మళ్లీ, "డాక్టరమ్మ లేదు కదా, రాజుని నేనే కదా" అనుకుని ఊరుకున్నాడంట. తర్వాత తర్వాత నాకు తనే చెప్పుకున్నాడు.

కాంపౌండంతా వాణ్ని ఆటపట్టించడమే. "రాజుగారూ, కిరీటమెక్కడ?" "రాజుగారూ, మా గుంటడి కాలికో జత దయసెయ్యండి." వాడూ నవ్వేవాడు. కొన్నాళ్లు ఉత్సాహంగానే ఉన్నాడు. పొద్దున్నే షెడ్డు కడిగించుకుని, బోర్డు తుడుచుకుని కూర్చునేవాడు. సాయంత్రమయ్యేసరికి మాత్రం అలవాటు కొద్దీ స్టూలు జరిపి పెట్టేవాడు, కుట్టిన చెప్పులు వరసగా పేర్చేవాడు, గుమ్మం వైపు చూసేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. దీపాలేళకి తాళం వేసుకుని ఇంటికొచ్చేవాడు. నేను "ఏటి విక్టరూ, పనెలాగున్నాది?" అంటే, "బాగున్నాది మేస్టరూ, అడిగేవోడు లేడు" అనేవాడు. మొదట్లో ఆ మాట గర్వంగా అనేవాడు. పోనుపోను అదే మాట వేరేగా అనడం మొదలెట్టాడు.

రోగుల్ని అడగొచ్చు కదా అంటావా దేవీ? అడిగేవాడమ్మా. "బాగున్నాయా?" అంటే, "బాగున్నాయి బాబూ" అనేవారు. వాళ్లకేం తెలుస్తాది? రాయి మీద నడిచినా బాగున్నాదే, పరుపు మీద నడిచినా బాగున్నాదే. ఇంక తన చెయ్యి తను పెట్టి చూసుకుంటే, వండినమ్మకి తన కూర ఉప్పు తెలీనట్టే. ఒకసారి పట్టీ మీద ఎర్రదారంతో చిన్న పువ్వు కుట్టాడంట, ఎవరైనా చూసి ఏదైనా అంటారేమోనని. ఎవరూ అన్లేదు. ఇంకోసారి కావాలనే ఒక చెప్పు కాస్త వంకరగా కోసి ఇచ్చాడంట. ఆ ముసలాయన వేసుకుని, దణ్ణం పెట్టి, నడుచుకుంటూ పోతున్నాడు. విక్టరు పరిగెత్తుకెళ్లి, "తాతా, ఆగు, అది కాదు నీది" అని విప్పించుకుని, మంచిది కుట్టిచ్చి పంపాడు. ఆరోజు పరిగెత్తాడు. అలా కొన్నాళ్లు పోయాక, పరిగెత్తే ఓపిక కూడా తగ్గిపోయింది మనిషికి. కాళ్లు ఒళ్లో పెట్టుకోడం మానేశాడు. దూరం నుంచే చూసి, "మధ్యరకం" అనేవాడు. బీరువా కింద నుంచి ఆ చెక్క అచ్చులు వాడే పైకి తీశాడు. ఎవరూ చెప్పలేదు వాడికి, తీయమని.

ఇంతలో జిగురుతో పేచీ వచ్చింది. డాక్టరమ్మ ఉన్నప్పుడు మంచి జిగురు బైటనుంచి తెప్పించేది. అది అయిపోతే విక్టరు ఆఫీసుకెళ్లాడు. థామస్‌గారు ఫోన్లో ఉండి, ఫోనుకి చెయ్యి అడ్డుపెట్టి, "మీకెలా తోస్తే అలా చెయ్యండి విక్టర్‌గారూ, మీ మాటే మా మాట" అన్నాడు. మళ్లీ వెళ్లాడు. "అయ్యో, నన్నడగాలా? మీరు ఇన్‌చార్జి!" అన్నాడు. ఇన్‌చార్జి అంటే జిగురెక్కడ దొరుకుతుందో, ఎవరు తెస్తారో ఆ బోర్డు మీద లేదు కదర్రా. మూడోసారి ఆఫీసు మెట్ల దాకా వెళ్లి, లోపలికెళ్లకుండా వెనక్కొచ్చేశాడు. విజయనగరం బజార్లో ఏదో డబ్బా కొన్నాడు. అది నాలుగు రోజులు ఎండ తగిలితే వదిలీసేది. పట్టీలు ఊడి, అడుగులు నోళ్లు తెరిచి, ఇచ్చిన చెప్పులే మళ్లీ మళ్లీ వచ్చేవి.

ఇక్కడే నీలవేణి గురించి చెప్పాలి. అవతల చెరుకుతోటల వైపు ఏదో ఊరావిడ, భర్త పోయిన మనిషి. నువ్వులూ చోళ్లూ పండించుకుని తన బతుకు తను బతికేది. చిన్నప్పుడు పెద్దజబ్బొచ్చి నయమైంది గానీ, అరికాళ్లలో స్పర్శ లేదు, చేతివేళ్లూ అంతంత మాత్రమే. నోరు మాత్రం ఉందీ, అమ్మో! ఆవిడొచ్చిందంటే ఓపీ క్యూలో అందరూ నవ్వుతూ నిలబడేవారు. శివరాత్రి ముందురోజు ఊడిపోయిన పట్టీతో వచ్చి, "రామతీర్థం జాతరకి ఎల్తన్నాను బాబూ, బేగి అతికిచ్చీ, మావోల్లు రోడ్డు మీద ఉన్నారు" అంది. విక్టరు జిగురు రాశాడు, పట్టలేదు. కుట్టాలంటే అడుగు విప్పాలి, పూట పని. ఆవిడ తొందరపెడుతోంది. బైట ఆడవాళ్లు కేకలేస్తున్నారు. కిటికీలో బోర్డు తాలూకు మేకులున్నాయి. ఒక్కటి, చిన్నది, పట్టీ మొదట్లో వేశాడు. కొన వంచీసి, పైన రబ్బరు ముక్క అద్దాడు. జాతర నుంచి రాగానే విప్పి కుడదామనే అనుకున్నాడంట. పాతరోజులైతే సాయంత్రం ఎవరో వచ్చి, చెయ్యి పెట్టి, "విక్టర్! ఇదేంటి!" అని కంచుకంఠంతో అరిచి ఉండును. ఆ అరుపు లేదు. ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

జాతరైన మర్నాడు తిరిగొచ్చింది. విక్టరు అచ్చు మీద రబ్బరు గీస్తున్నాడు, తలెత్తలేదు. ఆవిడ గుమ్మంలోంచే మొదలెట్టింది. "విక్టరుబాబూ, నీ సెప్పులు బంగారం అనుకో! కొండెక్కీసినాను, దిగీసినాను, జాతరంతా తిరిగీసినాను. మావోల్లందరూ 'కాల్లు కాల్లు' అని ఏడుస్తంటే, నాకు ఇంతకూడా నొప్పెట్నేదు! ఇదిగో, నీకని బెల్లం జీల్లు తెచ్చినాను" అని పొట్లం చాపింది. వాడు పొట్లం అందుకోడానికి తలెత్తాడు. ఆవిడ వెనకాల, గుమ్మం నుంచి బల్లదాకా, గచ్చు మీద, అడుగు విడిచి అడుగుకి ఎర్రటి మచ్చ. ఆవిడ నవ్వుతూనే ఉంది. "ఏటలా సూస్తన్నావు? జీల్లు తినవేటి?"

... ... ఉండండి, నీళ్లు తాగనివ్వండి.

మేకు నిటారుగా లేచి, ఎముకదాకా దిగిపోయింది. అంత దూరం నడిచింది కదా, లోపల చీము పట్టీసింది. వార్డులో పెట్టారు, మందులిచ్చారు, ఆఖరికి బొటనవేలు తీసెయ్యాల్సొచ్చింది. విక్టరు ఆరోజే బోర్డు పీకి కింద పడేశాడు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. నేను అన్నం పట్టుకెళ్తే తియ్యలేదు, తలుపు దగ్గర పెట్టి వచ్చేసేవాణ్ని, కాకులు తినేవి. కొన్నాళ్లకి థామస్‌గారు వచ్చాడు ఇంటికి, పాపం, మొహం నల్లబడిపోయింది ఆయనకి. వాకిట్లో నిలబడి, "విక్టర్‌గారూ, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేనేమైనా మిమ్మల్ని కష్టపెట్టానా? ఇన్నాళ్లలో ఎప్పుడైనా ఒక్క మాట అన్నానా?" అన్నాడు. తలుపు వెనకనుంచి విక్టరు గొంతు వినిపించింది. "అన్నేదు బాబూ. ఒక్క మాటా అన్నేదు." థామస్‌గారు నావైపు చూశాడు. ఆయనకి అప్పటికి అర్థం కాలేదు.

ఓ తెల్లారుజామున విక్టరు బస్సెక్కి కళింగపట్నం వెళ్లాడు. ఎందుకో తెలుసా? తిట్లు తినడానికి. లోకంలో తనని తిట్టే హక్కున్న మనిషి ఒక్కర్తే మిగిలిందని వాడి లెక్క. సముద్రం ఒడ్డున ఎండుచేపలు ఆరేసిన ఇసకలోంచి నడుచుకుంటూ, అడుక్కుంటూ, ఆ ఇల్లు పట్టుకున్నాడు. రూబీగారు వరండాలో కుర్చీలో ఉంది, మోకాళ్ల మీద దుప్పటి. జరిగిందంతా చెప్పి, ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆవిడ అరవలేదు. దుప్పటి సర్దుకుని, "నీలవేణిని చూశావా?" అంది. "నేదమ్మా. ఏ మొకం పెట్టుకుని సూడను?" "మరి కాలు ఆవిడదైతే, నా దగ్గరికెందుకొచ్చావు?" అంది. అంతే. అన్నం పెట్టించి, బస్సు టైముకి లేచి పొమ్మంది. విక్టరు నాతో అన్నాడు, "తిట్టినా బాగున్ను మేస్టరూ" అని. నేను మాత్రం ఆవిడ తిట్టిందనే అంటాను. ఆ తిట్టుకి శబ్దం లేదంతే.

మర్నాడు ఆడవార్డుకెళ్లాడు. నీలవేణి మంచం మీద కూచుని, కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, పక్కమంచం ఆవిడతో పోట్లాడతంది. వీణ్ని చూసి ఆగింది. వార్డంతా చూస్తోంది. "వొచ్చినావా? కళింగపట్నం ఎల్లినావంట కదా, సెప్పినారు. అంతదూరం బస్సెక్కి ఎల్లినోడివి, నీ షెడ్డు పక్కనే నా మంచం ఉన్నాది, దీనికి దారి తెల్నేదేటి నీకు?" అంది. వాడు ఏడ్చాడు. ఆవిడ ఏడవనిచ్చింది. తర్వాత, "ఆఫీసోల్లు ఏవో కొన్న సెప్పులు తెచ్చిస్తామంతన్నారు. నాకొద్దన్నాను. నువ్వు కుట్టాల" అంది. "నా సేత్తో ఇంక కుట్టను నీలమ్మా. నా సెయ్యి మంచిది కాదు." "నీ సెయ్యి మంచిదే. ఒంటరిదయిపోనాది, అంతే. నువ్వు కుట్టు. నాను పక్కన కూకుంతాను. నా కాలికి తెల్దు గానీ, నా కల్లకి తెలుస్తాది గదేటి. నువ్వు కుట్టకపోతే, నాను వొట్టికాల్లతో ఊరెల్తాను. ఏటి సేస్తావో సేసుకో." అలా వొట్టికాళ్లతో వెళ్తే ఏమవుతుందో విక్టరు కంటే ఎవరికి బాగా తెలుసు? అది ప్రేమో బెదిరింపో నాకిప్పటికీ తేలలేదర్రా.

కాలి పుండు ఆరాక, చక్రాల కుర్చీలో ఆవిణ్ని షెడ్డుకి తోసుకొచ్చేవారు. అచ్చులు మళ్లీ బీరువా కిందకి పోయాయి. విక్టరు చాన్నాళ్ల తర్వాత ఒక కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. వేలు లేని ఆ కాలు చూస్తూ ఎంతసేపటికీ కత్తి పట్టలేదంట. "సూసింది సాలు, కొయ్యి. అదేటి, మొక్కనాగ మొలిసి వస్తాదేటి?" అని కసిరింది ఆవిడ. ఇంక రోజంతా సొద. "ఆ కుట్టు వంకరగున్నాది." "నేదు." "ఉన్నాది. నాకు కల్లు పోనేదు, కాలే పోనాది." వాడు విప్పేవాడు, గొణిగేవాడు, మళ్లీ కుట్టేవాడు. షెడ్డులోంచి ఆ కేకలు బడిదాకా వినిపించేవి. నా పిల్లలు పాఠం మానీసి నవ్వేవారు. ఓ సాయంత్రం థామస్‌గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బైట చెప్పులిప్పి, కాస్త మొహమాటపడి, "నాకిందులో ఏమీ తెలీదు విక్టర్‌గారూ. ఊరికే కూచోవచ్చా?" అన్నాడు. విక్టరు స్టూలు జరిపాడు. "తెలీకపోతే పర్నేదు బాబూ, కూకోండి. ఆ రబ్బరు ముక్క ఇటందుకోండి." ఆయన అందుకున్నాడు. తర్వాత రోజూ టీగ్లాసు పట్టుకుని వచ్చేవాడు. చెప్పులో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఏం వెతకాలో తెలీక, "బాగానే ఉన్నట్టుంది?" అనేవాడు. నీలవేణి, "ఉన్నట్టుందేటి బాబూ, ఉందో లేదో సెప్పండి!" అనేది. మంచి జిగురు ఎక్కణ్నుంచి వస్తుందో కూడా ఆయనే కనుక్కుని, తనే వెళ్లి తెచ్చాడు.

చెప్పులైన రోజు మేమందరం షెడ్డు దగ్గర చేరాం. నీలవేణి వేసుకుని లేచింది. నాలుగడుగులేసింది, తిరిగొచ్చింది, మళ్లీ వేసింది. అందరూ ఆవిడ మొహం చూస్తున్నారు. విక్టరు మాత్రం ఆవిడ వెనకాల గచ్చునే చూస్తున్నాడు. వంగి, అరచేత్తో గచ్చు తడిమాడు. శుభ్రంగా ఉంది. అప్పుడు గోడకి ఆనుకుని కూలబడి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆవిడ, "ఇప్పుడు జీల్లు పెడితే తింతావేటి?" అంది.

ఆ తర్వాతవి మంచి రోజులు. కొద్ది కాలమే అనుకోండి. థామస్‌గార్ని వేరే ఊరు వేశారు. పెద్దజబ్బు రోగులు తగ్గిపోయారు, అది మంచిదే కదా, ఆసుపత్రి మామూలు ఆసుపత్రయింది. చెప్పులు పట్నం నుంచి కుట్టినవే అట్టపెట్టెల్లో రావడం మొదలెట్టాయి. షెడ్డులో సెలైన్ సీసాల డబ్బాలు పెట్టారు. విక్టరు ఇంటిపట్టునే ఉండేవాడు. మొత్తం మీద వాడికి మిగిలిన పనల్లా నీలవేణి చెప్పులే. నెలకోసారి, నెలన్నరకోసారి, ఆవిడ బస్సు దిగి, ఇదే వరండా ముందునుంచి వాడింటికెళ్లేది. ముందు కుట్టు చూసి తిట్టేది. తర్వాత విక్టరు ఆవిడ కాలు ఒళ్లో పెట్టుకుని, అరికాలు వెలుతురుకి తిప్పి, వేలితో వెతికేవాడు. ఎక్కడైనా చిన్న ఎరుపు కనిపిస్తే, "ఇదిగో, ఇక్కడ నొప్పెడతన్నాది నీకు" అనేవాడు. ఆవిడ, "అలాగా! ఒలమ్మో, సచ్చిపోతన్నాను, అయ్యో నా కాలో!" అని అరిచేది. ఇద్దరూ నవ్వేవారు. నిజంగానే నొప్పెట్టినట్టు ఆ పక్కకి బరువెయ్యకుండా నడుచుకుంటూ వెళ్లేది. నేనిక్కడ కూచుని, గోడకివతల, వాళ్ల నవ్వులు వినేవాణ్ని.

ఓ ఏడు ఆషాఢంలో ముసురు పట్టింది. విక్టరుకి జ్వరం, తర్వాత ఆయాసం. పోయాడు. చర్చివాళ్లం పదిమందిమి కలిసి మట్టి చేశాం. వాడికెవరున్నారు గనక కబురు పెట్టడానికి? నీలవేణికి కబురెళ్లలేదు. ఏ ఊరో సరిగ్గా ఎవరికీ తెలీదు, వచ్చేది, వెళ్లేది, అంతే. వానలు వెలిశాక ఒకరోజు వచ్చింది. వాడింటికి తాళం చూసి, ఇటొచ్చి, ఇక్కడే, దేవీ, నువ్వు కూచున్న చోటే, నిలబడి, "మేస్టరూ, విక్టరుబాబు బజారుకెల్లినాడేటి? పట్టీ ఒదులైనాది" అంది. చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. కూచుంది. ఏడవలేదు. కుడికాలి చెప్పు విప్పి, పక్కన పెట్టి, ఆ అరికాలు తనవైపు తిప్పుకోవాలని చూసింది. వయసైపోయింది కదా, వంగలేకపోయింది. అలాగే వదిలీసి, నాకేసి చూసింది.

"ఇకనుంచి నా కాలు నొప్పెడితే నాకెవులు సెప్తారు మేస్టరూ?" అంది.

...

ఆ? నేనేమన్నానా? ... ... చీకటి పడిపోయింది చూశారా, మాటల్లో తెలీలేదు. అదిగో, మీ అమ్మ పిలుస్తంది ధనరాజూ. లేవండి, లేవండర్రా. గుమ్మం దగ్గర గొయ్యి ఉంది, సెల్లు లైటేసుకుని చిన్నదాని చెయ్యి పట్టుకుని నడవండి. నా అన్నమా? ఉందిలే, పొద్దున వండినది ఉంది. మీరు బేగి ఎళ్లండి, వేడిగా ఉండగానే అన్నాలు తినండి.